చిరుగు లేని గాలిగొడుగు

"సోమవారం పొద్దున తొమ్మిదింటికి దొరికింది. మంగళవారం సాయంత్రం నాలుగింటికి పామర్రు పోలీసు స్టేషన్లో అప్పజెప్పావు. ముప్పై ఒక్క గంట! నాలుగు మైళ్ళు నడవడానికి ముప్పై ఒక్క గంట పట్టిందటయ్యా, రామలింగం? నత్త కూడా నిన్ను చూసి నవ్విపోతుంది."

డిటెక్టివ్ ఆదిశేషయ్య ఈ ప్రశ్న వేయడం ఇది మూడోసారి. నేతగాడు రామలింగం నేల చూపులు చూస్తూ మూడోసారీ అదే జవాబు చెప్పాడు.

"భయపడ్డామండీ."

"దేనికి?"

"అన్నిటికీనండీ."

ఈ జవాబుతో ఏం చేసుకోవాలి? ఉప్పేసి ఊరబెట్టుకోవాలా? ఆదిశేషయ్యకి ఒళ్ళు మండింది. కానీ అబద్ధమని కొట్టిపారేయడానికీ లేదు. ఆ సోమవారం 1942 ఏప్రిల్ ఆరు. కాకినాడ మీదా విశాఖపట్నం మీదా జపానువాళ్ళ బాంబులు పడ్డ రోజు. బెజవాడలో షావుకార్లు గోడౌన్లకు తాళాలేసి, తాళం చెవులు మొలకి కట్టుకుని పల్లెలకు పరిగెత్తిన రోజు. ఆ రోజు భయపడని మగాణ్ణి చూపిస్తే వాడికి సన్మానం చేయాల్సిందే.

ఆ పొద్దున బందరు సముద్రం మీద కాపలా తిరుగుతున్న మన పాత రెండు సీట్ల విమానమొకటి శత్రువిమానాల కంట పడింది. ముందు సీట్లో పైలట్, వెనక సీట్లో తుపాకి పట్టుకున్న గన్నర్. పైలట్ ఎలాగోలా బందరు ఇసకలో దిగాడు. దిగిన విమానం కళ్ళముందే తగలబడిపోయింది. గన్నర్ మాత్రం అందులో లేడు. అతని గాలిగొడుగు, అదే పారాచూట్, ఒక్కటే పామర్రు అవతల కాలవ పక్కన, ఈ నేతవీధి మొదట్లో దొరికింది. తాళ్ళు కత్తితో కోసి ఉన్నాయి. మనిషి జాడ లేదు. కాగితాల మీద 'పరారీ' అని రాసి కట్ట కట్టేశారు.

ఆ గన్నర్ పేరు అంతోని. బెజవాడ రైలుపేట కుర్రాడు. అతని తల్లి శౌరమ్మ ఇదిగో, రామలింగం అరుగు చివర కొంగు నిండా కప్పుకుని కూర్చుంది. నాలుగేళ్ళయింది. వాళ్ళ చర్చిలో యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లతో ఈస్టరు నాటికి రాయి నిలబెడుతున్నారు. ఆదివారమే ఈస్టరు. రాయి చెక్కేవాడు రేపు పొద్దున పని మొదలెడతాడు. పదకొండు పేర్లున్నాయి. పారిపోయినవాడి పేరు పోయినవాడి పేరు పక్కన ఎలా చెక్కమంటావమ్మా అని ఫాదరుగారు బాధగానే అన్నారు. వైమానిక దళం వాళ్ళ చేత ఒక్క మాట రాయించి తెస్తే చెక్కిస్తానన్నారు. ఆ ఒక్క మాట కోసం ఆమె వన్ టౌన్లో గుడ్డల గోడౌన్ పైనున్న ఆదిశేషయ్య ఆఫీసు మెట్లు నాలుగు నెలల్లో ఎన్నిసార్లు ఎక్కిందో లెక్కలేదు. వట్టి చేతులతో ఎప్పుడూ రాలేదు. కొడుకు చదువుకున్న పాత పలకో, వాడి చొక్కా బొత్తామో పట్టుకొచ్చి, "ఇది పనికొస్తుందేమో చూడండి బాబూ" అనేది.

ఆదిశేషయ్య ఈ కేసు ఊరికే ఒప్పుకోలేదు. డిటెక్టివ్ ఆఫీసు పెట్టకముందు, నలభై రెండులో, పామర్రు సబ్-ఇన్‌స్పెక్టరు అతనే. ఆ గాలిగొడుగుని రామలింగం చేతుల్లోంచి అందుకుని, పరిచి చూసి, పంచనామా రాసి సంతకం పెట్టిందీ అతనే. తను రాసింది అక్షరం అక్షరం నిజం. అందులో అనుమానం లేదు. అయినా ఆ తల్లి మొహం చూసినప్పుడల్లా అన్నంలో రాయి తగిలినట్టుండేది.

"పనవుతుందా, ఆదిశేషయ్యగారూ? నాకు అయిదింటికి బెజవాడలో రైలుంది." జీపుకి ఆనుకుని సిగరెట్టు కాలుస్తున్న ఫ్లైట్ లెఫ్టినెంట్ రామకోటేశ్వరరావు వాచీ చూసుకున్నాడు.

ఆ రోజు ముందు సీట్లో ఉన్నది ఇతనే. ఇప్పుడు కోస్తా మీద జరిగిన గగనయుద్ధాల చరిత్ర రాసే పని దళం ఇతనికి అప్పజెప్పింది. మూడు నెలలుగా మ్యాపులు చంకనేసుకుని, సముద్రపు ఒడ్డున కాపలా కాసిన ప్రతివాణ్ణీ కలిసి, ఏ విమానం ఏ నిమిషానికి ఏ దిక్కు నుంచి వచ్చిందో రాసుకున్నాడు. పనిమంతుడే, కాదనడానికి లేదు. దొరికిన తూటాల సైజు కూడా కొలిచి రాసుకునే రకం. ఆ చరిత్రలో ఆరో అధ్యాయంలో ఒక వాక్యం ఉంది: 'గన్నర్ అంతోని ఆజ్ఞ లేకుండా విమానం వదిలి పరారయ్యాడు.' రేపటి టపాలో అది అచ్చుకి పోతుంది.

"మరొక్కసారి చెప్పండి. టైములతో" అన్నాడు ఆదిశేషయ్య.

"ఎన్నిసార్లండీ బాబూ! ఎనిమిదీ పదికి రెండు శత్రువిమానాలు కనిపించాయి. వాటి వేగం మాకు రెండింతలు. ఒడ్డువైపు తిప్పాను. పామర్రు దాకా తరిమాయి. ఎనిమిదీ ఇరవై రెండుకి కాల్పులు మొదలయ్యాయి. ఎనిమిదీ ఇరవై నాలుగుకి వెనక్కి చూశాను. సీటు ఖాళీ."

"అయితే కాల్పులు మొదలయ్యాకే దూకి ఉండొచ్చుగా?"

"ఉండొచ్చు. కాని మీరే కాదన్నారు." రామకోటేశ్వరరావు జేబులోంచి మడత కాగితం తీశాడు. "ఇసకలో దిగాక నేను చూశాను. వెనక సీటు జల్లెడయి ఉంది. గన్నర్‌కి గాలిగొడుగు మూట రొమ్ము మీద ఉంటుంది. కాల్పుల్లో అతను ఆ సీట్లో ఉండి ఉంటే మూటకి తూటు పడకుండా ఉంటుందా? ఇదిగో, మీ దస్తూరీయే. 'సిల్కు గుడ్డ పూర్తిగా పరిచి, అంగుళం అంగుళం పరీక్షించడమైనది. ఒక్క చిరుగు గాని, తూటు గాని లేదు.' సంతకం, ఆదిశేషయ్య. అంటే కాల్పులకి ముందే దూకాడు. నా మాట కాదు సార్, మీ మాట. మీ రాతని మీరే తుడుచుకోవడానికి నన్ను జీపెక్కించి ఇంత దూరం లాక్కొచ్చారు."

ఆదిశేషయ్య కోపంగా జీపు వైపు నడవబోయి, కాలు వీధిలో పాతిన పడుగు కర్రకి తగిలి బొటనవేలి గోరు లేచింది. చచ్చానురా దేవుడా అనుకుంటూ కుంటుకుంటూ వచ్చి అరుగు మీద చతికిలపడ్డాడు.

గాలిగొడుగు వీధిలోనే ఉంది. దళంవాళ్ళ స్టోరులో నాలుగేళ్ళు పడున్నదాన్ని రామకోటేశ్వరరావే జీపులో వేసుకొచ్చాడు. దాన్ని పూర్తిగా విప్పాలంటే ఇంత పొడుగు జాగా నేతవీధిలో తప్ప దొరకదు. పొద్దున పడుగు చాచి గంజిపెట్టే కర్రల మీదే దాన్ని పరిపించాడు ఆదిశేషయ్య. గంట సేపు కళ్ళలో వత్తులేసుకుని చూశాడు. భూతద్దం పెట్టి చూశాడు. ఒక్క చిరుగు లేదు. వేలికి మాత్రం అక్కడక్కడా పొక్కులాగా, కాస్త బిరుసుగా ఏదో తగిలింది. పాతగుడ్డ, తడిసి ఆరి ఉంటుందిలే అనుకున్నాడు.

పామర్రు కాంపౌండరు దగ్గర కొన్న టింక్చరు అయొడిన్ సీసా సంచీలో ఉంది. తీసి వేలి మీద ఒంపుకున్నాడు. మంటకి చెయ్యి అదిరి నాలుగు చుక్కలు అరుగు మీద పడ్డాయి. మూడు చుక్కలు ఎర్రగా ఇంకిపోయాయి. నాలుగోది నల్లబడి, సిరా ఒలికినట్టు నీలంగా తేలింది.

ఆదిశేషయ్య మంట మర్చిపోయాడు. ఆ చోట ఏముంది? పక్కనే గంజి కుండ. పొద్దున పడుగుకి కుంచెతో గంజి రాస్తున్నప్పుడు తొణికి ఎండిన మరక. హైస్కూల్లో సైన్సు మేష్టరు అన్నపు మెతుకు మీద టింక్చరు చుక్క వేసి, నీలం తిరగ్గానే "గంజి ఉన్నచోట ఇది దాగదర్రా" అన్న మాట ముప్పై ఏళ్ళ తర్వాత చెవిలో వినబడింది.

పట్టుకి గంజి పెట్టరు. ఏ దేశపు పట్టుకైనా సరే.

లేచాడు. కుంటుతూనే గాలిగొడుగు దగ్గరికి వెళ్ళి, ఇందాక బిరుసుగా తగిలిన చోటు వేలితో వెతికి పట్టుకుని, ఒక్క చుక్క వేశాడు. చుట్టూ గుడ్డ పసుపుపచ్చగా తడిసింది. మధ్యలో కానీబిళ్ళంత మచ్చ, నీలంగా, గుండ్రంగా పైకి తేలింది.

"ఇదేమిటి?" రామకోటేశ్వరరావు సిగరెట్టు పారేసి వచ్చాడు.

"పోగు పోగు కలిపి నేసిన అతుకు. రామలింగం! ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయయ్యా?"

రామలింగం గుమ్మం వైపు చూశాడు. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి శౌరమ్మ వంకే చూస్తున్న అతని భార్య పున్నమ్మ గబగబా మెట్లు దిగింది.

"పున్నీ, వద్దే!" అన్నాడు రామలింగం.

"ఊరుకోండి. నాలుగేళ్ళు ఊరుకున్నాంగా, చాల్లే." ఆమె ఆదిశేషయ్య చేతిలోంచి సీసా అందుకుంది. "ఆ సీసా ఇటియ్యండి. మీరు వెతక్కండి బాబుగారూ. ఎక్కడెక్కడో నాకు తెలుసు."

ఆమె కళ్ళతో వెతకనే లేదు. వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళింది. ఇక్కడొక చుక్క, జానెడు అవతల ఇంకొకటి, ఆ కుట్టు దాటాక మరొకటి. ఒక్కొక్క చుక్కా నీలంగా మొలిచింది. వీధి వీధంతా వచ్చి నిలబడి చూసింది. ఆదిశేషయ్య లెక్కపెట్టాడు. ముప్పై నాలుగు.

"గొడుగు అంచులోంచే పట్టుపోగులు లాగాను. వాటితోనే పూడ్చాను. మేం నూలు నేసేవాళ్ళమండీ. పట్టుకి గంజి అక్కర్లేదని తెలుసు. కానీ గంజి తగలని పోగు మా చేతికి నిలవదు. అలవాటు చొప్పున గంజిలో ముంచి ఆరేశాను. సోమవారం మధ్యాన్నం కూర్చుంటే మంగళవారం మధ్యాన్నానికయింది" అంది పున్నమ్మ.

ముప్పై ఒక్క గంట లెక్క కుదిరింది. ఆదిశేషయ్య నీలపు మచ్చల్ని పట్టుకుని, గుడ్డని పాత మడతల మీదే మడవడం మొదలుపెట్టాడు. ముప్పై నాలుగు మచ్చలూ ఒకదాని మీద ఒకటి చేరి, చివరికి రెండే రెండు మచ్చలయ్యాయి.

"చూడండి, ఫ్లైట్ లెఫ్టినెంటుగారూ. రెండు తూటాలు. మూట విప్పకముందు, మడత మీద ఉండగానే తగిలాయి. అప్పుడు ఆ మూట ఎక్కడుంటుందో ఇందాక మీరే చెప్పారు."

రామకోటేశ్వరరావు ఆ రెండు మచ్చల్నీ వేలితో కొలిచి చూశాడు. అయినా అలవాటైన గొంతుతోనే వాదించబోయాడు. "అయితే మాత్రం... దెబ్బ తిన్నవాడు ఏడీ? కోసిన తాళ్ళు..."

"నేనే కోశానండీ." ఈసారి రామలింగం మాట్లాడాడు. "కాలవలో సగం ఉన్నాడు. తాళ్ళు మెడకి చుట్టుకుని ఉన్నాయి. ఈ అరుగు మీదకే మోసుకొచ్చాం."

శౌరమ్మ తను కూర్చున్న అరుగు వంక చూసింది. మెల్లిగా అరచెయ్యి చాపి ఆ గచ్చు మీద ఆనించింది.

"కుడిపక్క రెండు గాయాలు. మెడలో సిలువ ఉంది. జపానువాడు కాదు, మనవాడే అనుకున్నాను" అంది పున్నమ్మ. ఆమె ఇక ఎవరితోనూ కాదు, శౌరమ్మతోనే చెబుతోంది. "ఎక్కువసేపు లేడమ్మా. కుండలో గంజి కాగినంత సేపు. రెండు గుక్కలు గంజినీళ్ళు తాగాడు. 'దూకమన్నాడు, దూకాను. ఆయన దిగాడా?' అని అడిగాడు. ఎవరో, ఏమిటో నాకేం తెలుసు తల్లీ? 'దిగాడు నాయనా, చల్లగా దిగాడు' అన్నాను. అదే ఆఖరు. మగ్గం మీది గుడ్డ మధ్యలో కొయ్యకూడదంటారు. ఆ రోజు కోసేశాం, సగం నేసిన తెల్లపంచె. అందులోనే చుట్టాం. మాలో పూడ్చడమేగా. మా మామగారి పక్కనే పూడ్చాం. సర్కారు మనిషి మా అరుగు మీద పోయాడంటే మమ్మల్ని బతకనిస్తారా అని ఈయన ఏడ్చాడు. నోరు మూసుకున్నాం. పారిపోయాడని రాశారని ఈవేళ మీరొచ్చి చెప్పేదాకా మాకు తెలీదు. మా మీద ఒట్టు."

శౌరమ్మ ఏడవలేదు. ఆమె పెదాలు మాత్రం కదులుతున్నాయి. ప్రార్థనో, కొడుకు పేరో తెలియలేదు.

ఏడ్చింది రామకోటేశ్వరరావు. అంత మనిషీ జీపు మెట్టు మీద కూలబడి, టోపీ తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"దూకమన్నది నేనే. ఇంజను ఆగిపోయింది. వెనక సీటుకి మాట వినబడే గొట్టంలో అరిచాను, దూకెయ్యి, నేనూ దూకుతున్నానని. నా బెల్టు ఊడలేదు. ఈలోగా ఇంజను మళ్ళీ పలికింది. దిగాక ఏం చెప్పను? శత్రువు వెంటపడితే విమానం వదిలెయ్యమన్నానని చెప్పనా?"

"అందుకని వాడి మీద తోసేశారా?" ఆదిశేషయ్య గొంతు లేచింది. "నాలుగేళ్ళు! ఈ తల్లి పేటలో తలెత్తుకుని తిరగలేకపోయింది. మీరు చరిత్ర రాస్తున్నారు, చరిత్ర!"

"మొదట రాయలేదు సార్. రెండు రోజులు నోరు మెదపలేదు. బుధవారం మీ పంచనామా వచ్చింది. ఒక్క చిరుగూ లేదు, తాళ్ళు కోసుకుపోయాడు. అంటే దెబ్బ తగల్లేదు, ఎక్కడో క్షేమంగానే ఉన్నాడనుకున్నాను. బతికున్నవాడేగా, ఎప్పుడైనా కలిస్తే కాళ్ళు పట్టుకుందామనుకున్నాను. మీ కాగితంలో ఒక్క తూటు రాసి ఉన్నా, దేవుడి సాక్షిగా, నేనా అబద్ధం ఆడేవాణ్ణి కాదు."

ఆ మాట నిజమనిపించింది. అందుకే భరించడం కష్టమైంది. ఆదిశేషయ్య తన కోపాన్ని పోసుకోవడానికి ఎవరైనా దొరుకుతారేమోనని చుట్టూ చూశాడు. రామలింగమే కనిపించాడు.

"ఏమయ్యా! చిల్లులు పడ్డ గుడ్డని చిల్లులు పడ్డట్టే తెచ్చిస్తే నీ సొమ్మేం పోయింది? ఎవరు పూడ్చమన్నారు నిన్ను? ఎందుకు పూడ్చారు?"

రామలింగం భార్య వంక చూశాడు. పున్నమ్మ అతని వంక చూసింది. ఇద్దరూ తలొంచుకున్నారు.

"అడిగేది మిమ్మల్నే!"

"టముకు వేశారు కదండీ, ఊరంతా దండోరా" అంది పున్నమ్మ నెమ్మదిగా. "ఆ సోమవారం మధ్యాన్నమే వేశారు. అప్పటికి ఆ కుర్రాణ్ణి పూడ్చి ఇంటికొచ్చి స్నానాలు కూడా చెయ్యలేదు. ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. 'విమానం తాలూకు గుడ్డగాని, ఇనుముగాని, ఎవరికి దొరికినా చిరగకుండా, చెడకుండా ఠాణాలో అప్పగించవలెను. చిరుగు కనబడిన ఎడల చింపినది మీరేనని ఎంచి జైలు వేయబడును.' ఎంచి అన్నారండీ. చిల్లులు ముందే ఉన్నాయంటే ఎవరు నమ్ముతారు? నేతగాళ్ళం, చిరిగిన గుడ్డ బాగుచెయ్యడం తప్ప మాకేం తెలుసు?"

ఆదిశేషయ్య ఆ పంక్తుల్ని లోలోపల మళ్ళీ అనుకున్నాడు.

'ఎంచి'. ఆ మాట అతనిదే. ఠాణాలో బల్ల మీద, ఫోను ఒక పక్క మోగుతుండగా, సిల్కు గుడ్డ దొరికితే జనం రవికలకి చింపుకుపోతారని తొందర తొందరగా గీకిన నాలుగు పంక్తులు. ఆ వారంలో అలాంటివి పది రాశాడు. మర్నాడు నాలుగింటికి రామలింగం గుడ్డ మూట నెత్తిన పెట్టుకుని వస్తే పరిచి చూసి, "శభాష్! నీలాంటి బుద్ధిమంతుడు తాలూకాకి ఒక్కడుంటే చాలు" అని వీపు తట్టాడు కూడా. బుద్ధిమంతుడు ఆ రోజు అదోలా చూశాడు. అది వినయమనుకున్నాడు తను.

నాలుగు నెలలుగా అబద్ధం ఎక్కడుందా అని వెతికాడు. ఊరూరా తిరిగాడు. అది తన కలంలోనే ఉంది.

శౌరమ్మ అరుగు దిగి వచ్చింది. గుడ్డ మీద నీలపు మచ్చల్ని రెండు మూడిట్ని వేలితో తాకి చూసింది.

"ఆ టముకు వేయించిన అధికారి ఎవరు బాబూ? ఆయనెక్కడున్నాడో వెతకగలరా?" అంది.

ఎంత నమ్మకంగా అడిగింది! వెతికిపెట్టడం మీ పనేగా అన్నట్టు. రామలింగం మొహం తిప్పుకున్నాడు. కాదనడానికి, మర్చిపోయాననడానికి, రేపు చెబుతాననడానికి ఆదిశేషయ్యకి ఒక్క క్షణం టైముంది. ఆ క్షణంలో బతికినన్నాళ్ళూ గుర్తుండేంత సిగ్గుపడ్డాడు.

"నేనేనమ్మా" అన్నాడు.

ఆమె తిట్టింది కాదు, క్షమించాననీ అనలేదు. కొంగు సర్దుకుని పున్నమ్మ వైపు తిరిగింది.

"చోటు చూపించమ్మా" అని, రెండడుగులు వేసి ఆగింది. "ఆ మాట కూడా రాయండి బాబూ. ఏదీ దాచకుండా రాయండి. వాడి పేరు చెక్కేటప్పుడు నిజంతోనే చెక్కాలి."

ఇద్దరాడవాళ్ళూ కాలవ గట్టు వైపు నడిచివెళ్ళారు.

ఆదిశేషయ్య రామకోటేశ్వరరావు దగ్గర తీసుకున్న నాలుగేళ్ళనాటి పంచనామాని అరుగు మీద పరిచాడు. 'ఒక్క చిరుగు గాని, తూటు గాని లేదు' అన్న వాక్యం మీద గీత గీశాడు. పైన 'ముప్పై నాలుగు తూట్లు' అని రాశాడు. దాని కింద టముకు మాటలు నాలుగు పంక్తులూ ఎత్తి రాసి, రాసినవాడు ఫలానా అని పూర్తి పేరు పెట్టి, తేదీ వేశాడు.

తలెత్తేసరికి రామకోటేశ్వరరావు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆరో అధ్యాయం కాగితాలు చంకలో ఉన్నాయి. వాచీ చూసుకోలేదు.

"ఆ పెన్ను ఇటివ్వండి సార్" అన్నాడు.